స్ప్రింగు ఎయిర్ రైఫిలుకు 1-6 స్కోపు కొనవచ్చా? తేలికైన, చవకైన, తక్కువ పవర్ స్కోపు ఎంపిక

పర్లాకిమిడి నుంచి ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. మీరు రాసిన దానిలో మూడు సంగతులు ఉన్నాయి. మీ దగ్గర మధ్యకు విరిచి గుండు పెట్టే 0.177 అంగుళాల బోరు స్ప్రింగు ఎయిర్ రైఫిలు ఉంది. తోటలో 10 నుంచి 30 మీటర్ల దూరంలో కాగితాల మీద, ఖాళీ డబ్బాల మీద గురి అభ్యాసం చేస్తున్నారు. దానికి 15 వేల రూపాయల లోపు, తేలికైన 1-6×24 స్కోపు ఒకటి చెప్పమన్నారు (స్కోపు అంటే రైఫిలు మీద బిగించే గురి దుర్భిణి; 1-6 అంటే లక్ష్యాన్ని ఒకటి నుంచి ఆరు రెట్లు పెద్దదిగా చూపే పవరు, 24 అంటే ముందు లెన్సు వ్యాసం మిల్లీమీటర్లలో). తాతగారి .315 బోరు మందుగుండు రైఫిలు లైసెన్సు మీ పేరుకు మారిన తరువాత అదే స్కోపును దాని మీదకు మార్చుకోవచ్చునా అని కూడా అడిగారు. మొక్కజొన్న చేలో పడే అడవిపందుల ప్రస్తావన చివర్లో వచ్చింది; దానికీ సమాధానం చెబుతాను.

ముందుగా సూటిగా చెబుతాను. మీ ఎయిర్ రైఫిలుకు 1-6×24 కొనవద్దు. దూరం సవరించే రింగు, అంటే ఏఓ, ఉన్న 2-7×32 స్కోపును, స్ప్రింగు రైఫిలుకు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా రాసి ఇచ్చినదానిని తీసుకోండి. అది సుమారు 400 గ్రాములు ఉంటుంది. .315కు మాత్రం మీరు అడిగిన రకం నిజంగానే సరిపోతుంది, అయితే అక్కడ కూడా 1-6 కంటే 1-4 మేలు. ఒకే స్కోపును రెండింటికీ మార్చుకోవాలన్న ఆలోచన మానుకోండి. ఇక కారణాలు.

నేను సైన్యంలో చిన్న ఆయుధాల మరమ్మతు పని చేసి పదవీ విరమణ పొందినవాడిని. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో పిల్లలకు, కొందరు పెద్దలకు గురి నేర్పడంలో సాయపడుతుంటాను. ఇచ్ఛాపురం, పలాస, సోంపేట వైపు నుంచీ, సరిహద్దు దాటి బరంపురం, గుణుపురం వైపు నుంచీ స్కోపులు పట్టుకుని వచ్చేవారు ఉంటారు. వారిలో ఎక్కువ మంది మీలాగే వీడియోలు చూసి 1-6 మీద మనసు పడినవారే. ఆ రకం చెడ్డది కాదు. అమెరికాలో ఏఆర్-15 తరహా కార్బైన్ల (పొట్టి రైఫిళ్ల) కోసం, పిస్తోలు, షాట్‌గన్ను, రైఫిలు మూడింటితో పరుగెత్తుతూ కాల్చే త్రీ-గన్ పోటీల కోసం అది పెరిగింది. అమెరికా మెరైన్ దళం కూడా 2020లో ట్రైజికాన్ కంపెనీ 1-8×28 స్కోపును తన రైఫిళ్లకు ఎంచుకుంది. అంటే ఐదారు మీటర్లలో రెండు కళ్లూ తెరిచి కాల్చడానికి 1×, మూడు నాలుగు వందల మీటర్ల లక్ష్యానికి 6× లేదా 8×, రెండూ ఒకే గొట్టంలో కావలసినవారి కోసం చేసిన వస్తువు అది. మీ తోటలో ఈ రెండు అవసరాలూ లేవు. కదలని కాగితం మీద 1×తో ఒరిగేది ఏమీ ఉండదు.

అసలు అడ్డంకి పవరులో లేదు, పారలాక్స్‌లో ఉంది. బస్సులో డ్రైవరు పక్క సీటులో కూర్చున్నవారికి స్పీడోమీటరు ముల్లు అసలు అంకె మీద కాక పక్క అంకె మీద ఉన్నట్టు కనిపిస్తుంది కదా, స్కోపులో గురిగీతకూ లక్ష్యానికీ మధ్య జరిగేది అదే. లక్ష్యం యొక్క ప్రతిబింబం, గురిగీత ఒకే తలం మీద పడితే కన్ను ఎటు జరిగినా గీత కదలదు. అవి ఒకే తలం మీద పడేది ఒక్క దూరంలోనే. దూరం సవరించే ఏర్పాటు లేని 1-4, 1-6 స్కోపులను దాదాపుగా అన్ని కంపెనీలూ 100 గజాలకో 100 మీటర్లకో స్థిరపరచి ఇస్తాయి. మీరు కాల్చేది 10 నుంచి 30 మీటర్లు.

దీని పరిమాణం ఎంతో లెక్క వేసి చూడవచ్చు. ముందు లెన్సు వ్యాసంలో సగాన్ని తీసుకుని, స్థిరపరచిన దూరానికీ మీ దూరానికీ ఉన్న తేడాతో గుణించి, స్థిరపరచిన దూరంతో భాగిస్తే, కన్ను పూర్తిగా అంచుకు జరిగినప్పుడు వచ్చే గరిష్ఠ దోషం తెలుస్తుంది. 24 మిల్లీమీటర్ల లెన్సు, 100 మీటర్లకు స్థిరపరచిన స్కోపు, 25 మీటర్ల లక్ష్యం అనుకుంటే 12ను 75తో గుణించి 100తో భాగించాలి. 9 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక పక్కకు 9, మరో పక్కకు 9. 10 మీటర్ల దగ్గర అది దాదాపు 11 మిల్లీమీటర్లు. పెల్లెట్టు, అంటే ఎయిర్ రైఫిలు గుండు, వ్యాసమే నాలుగున్నర మిల్లీమీటర్లని గుర్తుపెట్టుకుంటే, ఇది ఎంత పెద్ద తప్పో అర్థమవుతుంది. అందరూ కన్నును అంచు దాకా జరపరు, నిజమే. కానీ చెంప ఆనే చోటు స్థిరంగా లేని కొత్తవారు సగం దూరమైనా జరుపుతారు.

ఇచ్ఛాపురం నుంచి వచ్చే ఒక కుర్రవాడి రైఫిలు మీద ఇదే చూశాను. అతని కాగితం మీద రంధ్రాలు పైకీ కిందికీ పెద్దగా చెదరలేదు. అడ్డంగా ఒక వరుసలో, ఎడమ నుంచి కుడికి, రెండు రూపాయి బిళ్లలు పక్కపక్కన పెట్టినంత పొడవున పరుచుకుని ఉన్నాయి. రైఫిలు పాడైందనుకున్నాడు, పెల్లెట్లు మార్చి చూశాడు. నేను రైఫిలును ఇసుక సంచుల మధ్య కదలకుండా ఇరికించి, దానిని ముట్టుకోకుండా తలను మాత్రం ఎడమకూ కుడికీ జరుపుతూ చూడమన్నాను. గురిగీత నల్లచుక్క మీద నుంచి జారి తెల్లటి భాగంలోకి వెళ్లి మళ్లీ రావడం అతనికే కనిపించింది. పాత సైకిలు ట్యూబును మడతలు వేసి బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) మీద చెంప ఆనే చోట చుట్టి, పొజిషను తీసుకున్న ప్రతిసారీ చెంప ఎముక అదే మడతకు తగలాలని చెప్పాను. ఆ పూటే వరుస ముడుచుకుని రూపాయి బిళ్ల కింద దాగేంతయింది. స్కోపు మాత్రం అదే 1-6. కనుక మీ దగ్గర ఇప్పటికే అలాంటిది ఉండి ఉంటే పారవేయమని చెప్పేవాడిని కాదు. కొత్తగా డబ్బు పెట్టేవారు మాత్రం ఈ ఇబ్బందిని కొని తెచ్చుకోనవసరం లేదు. ఏఓ రింగును 25 మీటర్లకు తిప్పితే 25 మీటర్లలో దోషం దాదాపుగా పోతుంది, 10కి తిప్పితే 10లో పోతుంది.

ఇక్కడొక జాగ్రత్త. అన్ని ఏఓ స్కోపులూ 10 దాకా దిగవు. పెద్ద రైఫిళ్ల కోసం చేసినవి కొన్ని 50 గజాల దగ్గరే ఆగిపోతాయి. రింగు మీద చెక్కిన అంకెలు చూసి కొనండి. హాక్ కంపెనీ 2-7×32 ఏఓ రకాలు 10 గజాల దాకా, యూటీజీ కంపెనీ బగ్‌బస్టర్ 3 గజాల దాకా దిగుతాయి. ఈ రెండో దానికి పొడవు తక్కువ కనుక గొట్టం మీద రింగులు బిగించడానికి చోటు కాస్త ఇరుకుగా ఉంటుంది. రిమ్‌ఫైర్ అని, అంటే చిన్న .22 తూటా రైఫిళ్ల కోసమని, పేరు పెట్టి అమ్మే 2-7 స్కోపులు సాధారణంగా 50 గజాలకు స్థిరపరచి ఉంటాయి. 100 కంటే నయమే, అయినా ఏఓకు సాటి రావు.

రెండో కారణం స్ప్రింగు. స్ప్రింగు రైఫిలు తన్నే తీరు మందుగుండు రైఫిలు తన్నే తీరుకు భిన్నమైనది. ట్రిగ్గరు నొక్కగానే బరువైన పిస్టను ముందుకు దూసుకుపోతుంది, దాని ప్రతిక్రియగా రైఫిలు వెనక్కి జరుగుతుంది. మరుక్షణం పిస్టను గొట్టం చివర గాలిమెత్త మీద ఆగగానే రైఫిలు మొత్తం ముందుకు కుదుపుకు లోనవుతుంది. ఒకే కాల్పులో రెండు దిక్కులా దెబ్బ. మందుగుండు రైఫిళ్ల కోసం చేసిన స్కోపులో లెన్సులను, లోపలి గొట్టాన్ని వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా ఆపుదల పెడతారు. ముందుకు వచ్చే కుదుపును చాలా చవక స్కోపులు లెక్కలోకి తీసుకోవు. అందుకే .30-06 లాంటి గట్టిగా తన్నే వేట రైఫిలు మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపు కూడా ఎయిర్‌గన్ను మీద కొద్ది రోజుల్లో చెడిపోవచ్చు. ఇది వినడానికి వింతగా ఉంటుంది, కొత్తవారు నమ్మరు కూడా.

బొమ్మ తుపాకుల కోసం చేసిన ఎర్ర, ఆకుపచ్చ వెలుగుల స్కోపులు ఆన్‌లైనులో చాలా చవకగా దొరుకుతాయి. ఒక పెద్దమనిషి అలాంటిది తన స్ప్రింగు రైఫిలుకు బిగించి తెచ్చి, "జీరో నిలవడం లేదండీ, మీ పిల్లల చేత ఒకసారి సరిచేయించండి" అన్నాడు. జీరో అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోపును సరిచేసి ఉంచడం. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే లోపల చిన్నగా గలగలమంది. లోపలి లెన్సును పట్టి ఉంచే మరచుట్టు వదులై, గురిగీత గడియారపు ముల్లులా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. అలాంటి దానికి మరమ్మతు ఖర్చు దండగ. కొనేముందు వారంటీ కాగితం చదవండి. స్ప్రింగు, గ్యాస్ పిస్టను రైఫిళ్లకు వర్తిస్తుందని రాసి ఉండాలి. దుకాణదారు నోటిమాట చాలదు. మీది పీసీపీ అయి ఉంటే, అంటే ముందుగా నింపిన గాలితో కాల్చేదయితే, ఈ పేరా మొత్తం మీకు అక్కరలేదు. దానికి తన్నుడు లేదనే చెప్పాలి.

బరువు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. సాధారణమైన 1-6×24 ఒక్కటే 450 నుంచి 600 గ్రాములు తూగుతుంది. గొట్టం 30 మిల్లీమీటర్లది కనుక దానికి తగిన మౌంటు, అంటే స్కోపును రైఫిలుకు పట్టి ఉంచే బిగింపు, మరో 150 నుంచి 200 గ్రాములు. మొత్తం మీద ముప్పాతిక కిలో దాకా వెళుతుంది. అంగుళం గొట్టం, అంటే 25.4 మిల్లీమీటర్లది, ఉన్న 2-7×32తో మౌంటు కలిపి అర కిలో దగ్గర ఆగవచ్చు. బెంచి మీద ఆనించి కాల్చేవారికి ఈ పావుకిలో తేడా తెలియదు. నిలబడి కాల్చినప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే ఆ బరువు చేతికి పైన ఉండి రైఫిలును పక్కకు ఒరిగించాలని చూస్తుంది. స్ప్రింగు రైఫిలు విషయంలో ఇంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. రైఫిలు కుదుపుకు వెనక్కీ ముందుకీ కదిలినప్పుడు స్కోపు తన బరువు కొద్దీ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. స్కోపు ఎంత బరువైతే మౌంటును రైఫిలు పైని పట్టాల మీద అంత బలంగా జరుపుతుంది. తేలికది కొనమని నేను చెప్పేది భుజం నొప్పి కోసం కాదు, జీరో నిలవడం కోసం.

30 మిల్లీమీటర్ల గొట్టంలో వెలుతురు ఎక్కువ వస్తుందని కొందరు అమ్మకందారులు చెబుతారు. కాదు. లావు గొట్టం వల్ల వచ్చేది గురి సవరించుకునే పరిధి, కొంత దృఢత్వం. కంటికి చేరే వెలుతురు ముందు లెన్సు వ్యాసాన్ని పవరుతో భాగిస్తే వచ్చే సంఖ్యను బట్టి, లెన్సు పూతను బట్టి ఉంటుంది. 24ను 6తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు, 24ను 4తో భాగిస్తే 6, 32ను 7తో భాగిస్తే నాలుగున్నర. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కనుక మీ తోటలో ఏదైనా చాలు. మసక చీకటిలో మాత్రమే తేడా తెలుస్తుంది.

మౌంటుకు డబ్బు దాచుకోవద్దు. 15 వేలలో స్కోపుకు పది, పన్నెండు వేలు కేటాయించి, మిగిలినది మంచి మౌంటుకు ఉంచండి. మన దగ్గర దొరికే స్ప్రింగు రైఫిళ్లలో చాలా వాటి మీద ఉండేది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ పట్టాలు, అంటే రైఫిలు పైనే కోసిన సన్నటి గాడులు. 1-6 స్కోపులకు అమ్మే మౌంటులు పికటినీ అనే వెడల్పైన, అడ్డగాడుల పట్టాలకు చేసినవి. మధ్యలో ఒక అడాప్టరు వేస్తే బరువు పెరుగుతుంది, ఎత్తు పెరుగుతుంది, జారే కీళ్లు ఒకటికి రెండవుతాయి. మీరు రెండు రింగులూ ఒకే దిమ్మ మీద ఉన్న మౌంటును, కింద ఆపుదల పిన్ను ఉన్నదానిని తీసుకోండి. రైఫిలు పట్టాల వెనక భాగంలో ఆ పిన్ను దిగడానికి చిన్న రంధ్రం ఉందో లేదో ముందే చూడండి. పిన్ను దిగకపోతే ఎంత బిగించినా మౌంటు వెనక్కి జారుతూనే ఉంటుంది. జారుతున్నదో లేదో తెలుసుకోవడానికి మౌంటు వెనక అంచున పట్టా మీద పెన్సిలుతో సన్నటి గీత గీసి కాల్చండి. గీతకూ అంచుకూ మధ్య సందు వచ్చినా, అంచు గీతను దాటినా విషయం బయటపడుతుంది. రింగుల మరలను 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల బిగువుకు మించనీయవద్దు. ఎల్-కీని పొట్టి వైపు పట్టుకుని రెండు వేళ్లతో ఆగేంత వరకూ తిప్పడం చాలు. పొడుగు వైపు పట్టుకుని పిడికిలితో తిప్పితే గొట్టం నొక్కుకుపోయి, పవరు రింగు బిగుసుకుంటుంది.

విరిచే రైఫిళ్లలో బారెలు కీలు దగ్గర ఒక వెంట్రుకవాసి కిందకు వాలి ఉండడం సాధారణం. దానివల్ల గుండు గురికి చాలా కిందగా పడుతుంది, స్కోపు మరను పైకి తిప్పుతూ తిప్పుతూ చివరికి తెస్తారు. అక్కడ లోపలి గొట్టాన్ని ఎదురు నెట్టే స్ప్రింగు దాదాపుగా సాగిపోయి పట్టు వదులుతుంది, గుండు ఒకసారి ఇక్కడ ఒకసారి అక్కడ పడుతుంది. ఈ లోపానికి స్కోపును తిట్టి మార్చేవారిని చాలామందిని చూశాను. వెనక వైపు కొంచెం ఎత్తుగా చేసిన మౌంటు వేసుకుంటే మర మధ్యలోనే ఉండి పని జరుగుతుంది.

క్లిక్కుల లెక్క కూడా తెలుసుకోండి. క్లిక్కు అంటే స్కోపు మరను ఒక్క మెట్టు తిప్పడం; ఎంఓఏ, ఎంరాడ్ అనేవి ఆ మెట్టును కొలిచే కోణాలు. పావు ఎంఓఏ క్లిక్కు 100 మీటర్లలో 7 మిల్లీమీటర్లకు కాస్త పైన. 25 మీటర్లలో 2 మిల్లీమీటర్ల లోపు. 0.1 ఎంరాడ్ అయితే 100 మీటర్లలో సరిగ్గా 10, 25లో రెండున్నర. కొన్ని 1-6 స్కోపుల్లో క్లిక్కు అర ఎంఓఏ ఉంటుంది. దగ్గరి దూరాల్లో సన్నటి సవరణకు అది కాస్త మోటు. జీరోను ముందు 10 మీటర్లలో కాగితం మీదకు తెచ్చుకుని, తరువాత 25లో ఖాయం చేయండి. గుండు శక్తి 20 జౌళ్ల లోపు ఉండే మామూలు రైఫిలు, బారెలుకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున స్కోపు ఉంటే, 25లో జీరో చేసినది 10 మీటర్లలో సుమారు ఒక సెంటీమీటరు కిందకు తగులుతుంది. అది దోషం కాదు, గుండు దారి అలాంటిది.

గురిగీత మొదటి తలంలో ఉండాలా రెండో తలంలో ఉండాలా అన్న చర్చ మీ విషయంలో అనవసరం. మొదటి తలం రకంలో పవరుతో పాటు గీత కూడా పెద్దదవుతుంది; రెండో తలం రకం చవక, గీత ఎప్పుడూ ఒకే మందంతో కనిపిస్తుంది. దాని చుక్కల కొలతలు ఒక్క పవరులోనే, ఎక్కువగా గరిష్ఠ పవరులోనే, సరిగా ఉంటాయన్నది గుర్తుంటే చాలు. వెలిగే గురిగీత కూడా మీకు అక్కరలేదు; ఆ డబ్బు లెన్సులోకి వెళ్లనివ్వండి.

ఇప్పుడు .315 సంగతి. ఇది వేరే ప్రపంచం. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిలు 8×50 ఆర్ తూటాను కాలుస్తుంది, లీ-ఎన్‌ఫీల్డ్ తరహా బోల్టు. దాని మీద స్కోపు పట్టాలు ఉండవు. బిగించాలంటే రిసీవరుకు రంధ్రాలు వేసి మర చెక్కించాలి; అది లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు చేయవలసిన పని, ఊళ్లో లేతు మిషను ఉన్న మిత్రుడు చేయవలసినది కాదు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన తండ్రి నుంచి వచ్చిన .315కు ఇలా బిగిద్దామని వచ్చారు. రైఫిలు చూశాక ఇనుప గురితోనే ఉంచమని నేనే చెప్పాను, ఎందుకంటే ఆయన దానిని ఏడాదికోసారి తుడిచి బీరువాలో పెట్టడం తప్ప కాల్చేది లేదు. కాల్చడానికి 100 మీటర్ల అధికారిక రేంజి మీకు అందుబాటులో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే ఈ ఖర్చుకు అర్థం లేదు.

రేంజి ఉండి, బిగించాలనే నిర్ణయించుకుంటే, అప్పుడు తక్కువ పవర్ వేరియబుల్ స్కోపు సరైన ఎంపిక. పారలాక్స్ 100 దగ్గర స్థిరంగా ఉండడం అక్కడ లాభమే. కానీ చవక ధరలో జూమ్ నిష్పత్తి పెరిగే కొద్దీ చూపు నాణ్యత తగ్గుతుంది. ఒకటి నుంచి నాలుగుకు జూమ్ చేయడం కంటే ఒకటి నుంచి ఆరుకు చేయడానికి లోపలి లెన్సుల అమరిక క్లిష్టమవుతుంది. అదే డబ్బులో అది చేయాలంటే కంపెనీ ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత 6× దగ్గర తెలుస్తుంది: తల కొంచెం జరిగితే చాలు, ఒక పక్క నుంచి నల్లని నెలవంక కమ్ముతుంది. 1× దగ్గర కూడా అసలు ఒకటి కాకుండా 1.1, 1.2 ఉండి, అంచుల్లో గీతలు విల్లులా వంగుతాయి. చవక 1-8, 1-10 స్కోపుల జోలికి అసలే వెళ్లవద్దు. వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 1-4×24 సుమారు 420 గ్రాములు. లూపోల్డ్ ఫ్రీడమ్ 1.5-4×20 అయితే 270 గ్రాముల దగ్గరే ఉంటుంది, అంగుళం గొట్టంతో. ఈ రెండో దాని పేరులో 1× లేదు కదా అని తీసి పక్కన పెట్టవద్దు. ఒకటిన్నర పవరుతో రెండు కళ్లూ తెరిచి చూడడం కొద్ది రోజుల్లో అలవాటవుతుంది, పైగా బరువు చూడండి. ధర మీ 15 వేలకు మించవచ్చు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

.315కు కంటి దూరం మరవవద్దు. స్కోపుకూ కంటికీ మధ్య 9 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. 10 ఉంటే ఇంకా మంచిది. ఎయిర్‌గన్నుతో అలవాటు పడినవారు తలను ముందుకు చాచి కాలుస్తారు, ఈ రైఫిలు వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ్మ మీద కొడుతుంది. బిగించేటప్పుడు పవరును గరిష్ఠంలో పెట్టి, మీరు ఎప్పుడూ పట్టుకునే తీరులో కళ్లు మూసుకుని రైఫిలు ఎత్తి, తెరవగానే పూర్తి వలయం కనిపించేలా ముందుకూ వెనక్కూ జరిపి అప్పుడు బిగించండి.

ఒకే స్కోపును రెండు రైఫిళ్ల మధ్య మార్చడం ఎందుకు వద్దంటానంటే, ప్రతిసారీ మళ్లీ జీరో చేయాలి. .315 తూటాలు మీకు కోటా ప్రకారం దొరికేవి. వాటిలో సగం జీరోకే ఖర్చవుతాయి.

ఇక అడవిపందులు. ఎయిర్ రైఫిలుతో వాటిని కాల్చే ఆలోచన పూర్తిగా మానండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చడం నేరం, అది ఒడిశాలోనైనా ఇక్కడైనా ఒకటే. చట్టం పక్కన పెట్టినా, అర గ్రాము పెల్లెట్టు పందిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది మరునాడు ఆ చేలోకి కలుపు తీయడానికి వెళ్లే ఆడవాళ్ల మీద పడుతుంది. మీ వైపు లఖారీ లోయ నుంచి ఏనుగులు కూడా దిగుతాయి. వాటిని బెదిరించడానికి ఎయిర్‌గన్ను ఎత్తేవారున్నారని విన్నాను, అది ప్రాణాలతో చెలగాటం. పంట నష్టానికి అటవీ శాఖ వారికి దరఖాస్తు పెట్టండి.

తోటలో కాల్చేటప్పుడు లక్ష్యం వెనక మట్టిగట్టు గాని ఇసుక బస్తాలు గాని ఉండాలి. కొబ్బరి చెట్టు మాను ఆపుదల కాదు, పెల్లెట్టు గుండ్రటి మాను అంచుకు తగిలి పక్కకు ఎగురుతుంది. స్కోపు వచ్చింది కదా అని దారిన పోయేవారిని, పక్కింటి డాబాను దానితో చూడవద్దు. అటు చూస్తున్నది స్కోపు ఒక్కటే కాదు, దాని కింద బారెలు కూడా. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలకు వెళ్లాలన్న కోరిక ఉంటే మరొక మాట: అక్కడ స్కోపును అనుమతించరు. ఓపెన్ సైట్ విభాగంలో ఇనుప గురి, ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగు సమాఖ్య) విభాగంలో పీప్ సైట్, అంటే చిన్న రంధ్రంలో నుంచి చూసే గురి. జిల్లా పోటీలు మీ లక్ష్యమైతే ఈ 15 వేలు పీప్ సైటుకు, కోచింగుకు పెట్టండి.

మన తీరప్రాంతపు తేమ గురించి కొనేవారెవరూ అడగరు, నేనే చెబుతుంటాను. గొట్టంలో నత్రజని నింపి మూసిన స్కోపే తీసుకోండి, లేకపోతే ఏసీ కారులో నుంచి దించగానే లోపల ఆవిరి పడుతుంది. సోంపేట వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఒకరి స్కోపులో లెన్సు లోపలి వైపున సాలెగూడు లాంటి బూజు అల్లుకుని ఉండడం చూశాను. వానాకాలమంతా రెగ్జిను సంచిలో చుట్టి అటక మీద పెట్టారట. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, పొట్లాలు రంగు మారితే ఎండబెట్టి మళ్లీ వేయండి. లెన్సు మీద ఇసుక రేణువు ఉండగా తుండుగుడ్డతో తుడిస్తే పూత మీద గీత పడుతుంది; ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరువాతే లెన్సు గుడ్డ.

20 జౌళ్ల లోపు, 0.177 బోరు ఎయిర్ రైఫిలుకు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. అయినా పాతపట్నం మీదుగా ఇటు తెచ్చేటప్పుడు కొన్న బిల్లు, కంపెనీ వివరాల కాగితం వెంట ఉంచుకోండి, రైఫిలును ఖాళీగా సంచిలో పెట్టి తీసుకురండి. చెక్‌పోస్టు దగ్గర స్కోపు బిగించిన రైఫిలు దూరం నుంచి చూసేవారికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

కొనేముందు మీ రైఫిలు పట్టాల పై అంచుల మధ్య వెడల్పును వెర్నియరుతో కొలిచి, వెనక ఆపుదల రంధ్రం ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి. ఫోటో పెడితే ఇంకా మంచిది. దానిని బట్టి ఏ ఎత్తు మౌంటు సరిపోతుందో చెబుతాను.